కాయకము, పాఠశాల : వృత్తి విద్య అందరికిని అందుట ఎట్లు?



ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట మన మఠములకును, విద్యార్థి నిలయములకును తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. స్వామివారి పాదములకు నమస్కరించి వారడుగు ప్రశ్న ఇంచుమించు ఒక్కటియే. "స్వామీ, పిల్లవానిని ఇంటర్మీడియట్‌లో చేర్పించమందురా, ఐ.టి.ఐ.లో చేర్పించమందురా?" ఈ ప్రశ్న అడుగునప్పుడు తండ్రి కంఠస్వరము కొంత తగ్గును. ఐ.టి.ఐ. అను మాట వచ్చునప్పటికి మరికొంత తగ్గును. "మార్కులు అంతగా రాలేదు స్వామీ, అందుచేత..." అని వాక్యమును పూర్తిచేయక విడిచిపెట్టును. ప్రక్కన నిలుచున్న పిల్లవాడు తల వంచుకొనును.

పూర్తికాని ఆ వాక్యమే ఈ సంచికలో మన పాఠము. చేతిపని నేర్చుకొనుట మార్కులు రానివారికి విధింపబడిన శిక్షయా? అట్లయిన ఆ శిక్షను మన పిల్లలకు విధించినవారెవరు? ప్రభుత్వ పాఠశాలలలో వృత్తి విద్యను విస్తరింపవలెనని శతాధిక వర్షములుగా పెద్దలు చెప్పుచున్నను అది ఎందుచేత కొందరికే అందెను? అందినవారికైనను గౌరవముతో అందెనా? ఈ ప్రశ్నలను క్రమముగా విచారింతము.

1. కాయకము వేరు, కులవృత్తి వేరు

బసవేశ్వరుని కాలమున కల్యాణమున చేరిన శరణులను ఒకమారు స్మరింతము. మడివాలు మాచయ్య బట్టలుతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లినవాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడు. హరళయ్య చెప్పులు కుట్టినవాడు. కదిరె రెమ్మవ్వ నూలు వడికినది. ఆయ్దక్కి మారయ్య, ఆయన ధర్మపత్ని లక్కమ్మ నేలరాలిన బియ్యమును ఏరుకొని జీవించిరి. బసవేశ్వరుడు సయితము బిజ్జలుని కొలువులో కరణికముతో ఆరంభించి భాండాగారమును నిర్వహించినవాడని సంప్రదాయము. మన తెలుగువారికి ఈ కథలలో అనేకములు పాల్కురికి సోమనాథుని బసవపురాణము ద్వారా సుపరిచితములు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. మాచయ్య బట్టలుతుకుటయు, చౌడయ్య పడవ నడుపుటయు వారి కులవృత్తులే గదా? మరి కాయక సిద్ధాంతములో క్రొత్తదనమేమి?

క్రొత్తదనము మూడు విషయములలో నున్నది. మొదటిది, పనిని బట్టి మనిషికి హెచ్చుతగ్గులు లేవనుట. చెప్పులు కుట్టినవాడును, కోశాగారమును కాపాడినవాడును అనుభవ మంటపమున సమానముగా కూర్చుండిరి. రెండవది, పని చేయువాడు జ్ఞానమునకు దూరము కాకుండుట. పడవ నడిపినవాడు, నూలు వడికినది, బుట్టలల్లినవాడు వచనములు చెప్పిరి. చేతిపని చేయువానికి అక్షరమెందుకు అను మాట ఆ మంటపమున చెల్లలేదు. మూడవది, వృత్తి జన్మచేత కట్టివేయబడకుండుట. అగ్రహారమున పుట్టిన బసవన్న అచటి ఆచారములోనే నిలువలేదు. హరళయ్య కుమారునికిని మధువరసుని కుమార్తెకును జరిగిన వివాహము కల్యాణమును కుదిపివేసినదన్న, పుట్టుక గీసిన గీతను దాటుట ఎంత గొప్ప సాహసమో తెలియగలదు.

కావున కాయకము పేరు చెప్పి "కుమ్మరి కొడుకు కుండలే చేయవలెను, సాలె కొడుకు మగ్గమే నేయవలెను" అనువారు శరణుల మార్గమును తలక్రిందులు చేయుచున్నారు. ఈ భేదమును మనస్సున నిలుపుకొన్నచో వృత్తి విద్యను పరీక్షించుటకు మనకు మూడు గీటురాళ్లు లభించును. అది నేర్చినవాని గౌరవము తగ్గుచున్నదా? అది నేర్చినవానికి పై జ్ఞానము తలుపు మూతపడుచున్నదా? అది ఎవరికి దొరుకునో పుట్టుక నిర్ణయించుచున్నదా?

2. మన దేశమున సంకల్పములు

బ్రిటిషు పాలనలో 1882లో నియమింపబడిన హంటరు సంఘము ఉన్నత పాఠశాల తరగతులను రెండు శాఖలు చేయవలెనని సూచించెను. ఒకటి విశ్వవిద్యాలయమునకు పోవు శాఖ. రెండవది వాణిజ్యాది వ్యావహారిక విషయముల శాఖ. రెండవ శాఖ వర్ధిల్లలేదు. ఉద్యోగములు మొదటి శాఖ చివర నున్నప్పుడు తల్లిదండ్రులు రెండవదానిని కోరుకొందురా?

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశమున గాంధీ మహాత్ముడు చేతిపనిని కేంద్రముగా చేసికొని మొత్తము విద్యను బోధింపవలెనని ప్రతిపాదించెను. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యక్రమమును సిద్ధపరచెను. దీనినే మూల విద్య, నయీ తాలీమ్ అనిరి. రాట్నము ద్వారా గణితము, భూగోళము, చరిత్ర నేర్పవచ్చునను భావము ఇందలి జీవము. ఆచరణలో పెక్కు బడులయందు రాట్నము మిగిలెను; దానికి జోడింపవలసిన గణితము మిగులలేదు.

స్వాతంత్ర్యానంతరము 1952-53 నాటి మొదలియారు సంఘము బహుళార్థసాధక పాఠశాలలను సూచించెను. 1964-66 నాటి కొఠారీ సంఘము మరింత ముందుకు పోయి, పదవ తరగతికి పైన చదువువారిలో సగము మంది వృత్తి విద్యలో నుండవలెనని ఆశించెను. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సమాజోపయోగ ఉత్పాదక కార్యమును పాఠ్యాంశముగా చేయుమనెను. 1986 జాతీయ విద్యా విధానము హయ్యరు సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి నూటికి 10 మందిని, 1995 నాటికి నూటికి 25 మందిని వృత్తి కోర్సులలోనికి తీసికొనిరావలెనని లక్ష్యము పెట్టుకొనెను. 1992లో ఆ గడువులనే 1995కును, 2000కును జరిపిరి. ఆ లక్ష్యములు నెరవేరలేదు. 2020 జాతీయ విద్యా విధాన పత్రము పన్నెండవ పంచవర్ష ప్రణాళిక అంచనాను ఉదాహరించుచు, 19 నుండి 24 ఏండ్ల వయస్సుగల శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తి విద్య పొందినవారు నూటికి 5 మంది కంటె తక్కువ అని వ్రాసినది. అదే పత్రము జర్మనీలో 75 మంది, దక్షిణ కొరియాలో 96 మంది అని తెలిపినది.

సంకల్పములకు కొరత లేదని దీనిచే తేలుచున్నది. కొరత మరియొకచోట నున్నది.

3. 1953 నాటి మద్రాసు అనుభవము

వృత్తి విద్య అనగానే కొందరి మనస్సులలో భయము ఎందుకు కలుగునో తెలిసికొనవలెనన్న పాత మద్రాసు రాష్ట్రమున జరిగిన ఒక సంఘటనను తప్పక చదువవలెను.

1953లో ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలకు ఒక మార్పు తెచ్చిరి. పిల్లలు దినమునకు మూడు గంటలు మాత్రమే బడిలో నుందురు. ఉదయమొక జట్టు, మధ్యాహ్నమొక జట్టు. మిగిలిన కాలమున తల్లిదండ్రుల వృత్తినో, ఊరిలోని చేతిపనినో నేర్చుకొందురు. ఉన్న గదులతోను, ఉన్న ఉపాధ్యాయులతోను రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చునన్నది ఆ ప్రణాళిక చెప్పిన కారణము. నాటి ధనాభావమును చూచినచో ఆ ఆలోచన అర్థరహితమని కొట్టివేయలేము.

కాని ప్రజలు వేరొక ప్రశ్న అడిగిరి. క్షురకుని కొడుకు మధ్యాహ్నము ఏమి నేర్చుకొనును? చర్మకారుని కొడుకు ఏమి నేర్చుకొనును? వకీలు కొడుకు మధ్యాహ్నము ఇంటివద్ద పుస్తకములు చదువుకొనడా? ఒకే నియమము ఒకనికి మెట్టు, మరియొకనికి సంకెల అగుచున్నది గదా? దీనిని వారు కులవిద్యా ప్రణాళిక అనిరి. పెరియారును, ద్రావిడ మున్నేట్ర కజగమును మాత్రమే గాక కాంగ్రెసులోని పలువురు కూడ వ్యతిరేకించిరి. 1954లో కామరాజు ముఖ్యమంత్రియై దానిని రద్దుచేసిరి.

ఈ సంఘటనను చూచి "వృత్తి విద్యయే చెడ్డది" అనుట సరికాదు. లోపమెచట నున్నదో మన గీటురాళ్లు చూపించును. ఆ ప్రణాళికలో పిల్లవాడు వృత్తిని ఎన్నుకొనలేదు. అతని ఇల్లు ఎన్నుకొనెను. వృత్తి నేర్చుట కొరకు అక్షరము నేర్చు కాలము తగ్గెను. రెండవ, మూడవ గీటురాళ్లు రెండును తప్పినవి.

4. అమెరికా పాఠశాల జిల్లాల అనుభవము

సముద్రముల కావలి దేశము సయితము ఇదే ముడిని విప్పుటకు నూరేండ్లుగా పాటుపడుచున్నది. ఆ దేశమున ప్రభుత్వ విద్య సుమారు 13 వేల పాఠశాల జిల్లాల చేతిలో నున్నది. ఇవి మన రెవెన్యూ జిల్లాల వంటివి కావు. ఒక పట్టణమునకో, కొన్ని గ్రామముల సముదాయమునకో ఒక్కొక్క పాఠశాల జిల్లా ఉండును. సాధారణముగా స్థానికులు ఎన్నుకొన్న మండలి దానిని నడుపును.

1917లో స్మిత్-హ్యూజ్ శాసనము ద్వారా కేంద్ర ప్రభుత్వము వ్యవసాయము, పరిశ్రమల పనులు, గృహ విజ్ఞానము బోధించుటకు ధనసహాయము ఆరంభించెను. పాఠశాలలకు పరికరములును, ఉపాధ్యాయులును లభించిరి. కాని వృత్తి విద్యకు వేరు మండలి, వేరు పాఠ్యక్రమము ఏర్పడినవి. శాసనమునకు ముందే తత్త్వవేత్త జాన్ డ్యూయీ ఈ విభజనను వ్యతిరేకించెను. యజమానులకు పనివారిని తయారుచేయుటకు చదువు కారాదనియు, పని ద్వారా బుద్ధిని వికసింపజేయుటయే లక్ష్యము కావలెననియు ఆయన వాదము.

డ్యూయీ భయపడినట్లే జరిగినది. పేదల పిల్లలు, వలస వచ్చినవారి పిల్లలు, నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఆ వేరు గదులలోనికి పంపబడిరి. బాలికలకు వంట, కుట్టు, టైపు మిగిలినవి. నల్లజాతివారిలోనే దీనిపై గొప్ప చర్చ జరిగెను. 1881లో ఆరంభమైన టస్కెగీ విద్యాలయమును నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ చేతిపనులే మొదటి మెట్టు అనెను. డుబాయిస్ పండితుడు ఉన్నత విద్య లేనిదే జాతి తలయెత్తలేదని బదులు చెప్పెను. ఇద్దరును తమ ప్రజల మేలు కోరినవారే. మన ఇండ్లలో తండ్రికిని, మేనమామకును మధ్య జరుగు వాదము వంటిదే ఇది.

తరువాతి శాసనములు ఒక్కొక్క తప్పును సరిదిద్ద యత్నించినవి. 1963 శాసనము నిధులను విస్తరించెను. 1968 సవరణ వెనుకబడినవారికిని, వికలాంగులకును నిధులలో భాగము ప్రత్యేకించెను. 1972లో విద్యాసంస్థలలో స్త్రీ పురుష వివక్షను నిషేధించిరి. 1976లో వృత్తి విద్యలో స్త్రీల పనులు, పురుషుల పనులు అను అడ్డుగోడను తొలగింపవలెనని ఆదేశించిరి. 1984 నాటి పెర్కిన్స్ శాసనమును 2006లో సవరించునప్పుడు వృత్తి విద్య అను పేరును మార్చి జీవనోపాధి, సాంకేతిక విద్య అనిరి. 2018లో మరల సవరించిరి.

ఈ చరిత్రలో మనము గ్రహింపదగిన ఉపాయములు మూడు కలవు.

మొదటిది, ఉమ్మడి కేంద్రము. చిన్న పాఠశాల జిల్లా ఒంటరిగా యంత్రశాలను పెట్టలేదు. అందుచేత న్యూయార్కు రాష్ట్రమున 1948 నుండి పలు జిల్లాలు కలిసి సహకార సేవా మండలులను ఏర్పరచుకొనెను. ఒహాయోలో ఉమ్మడి వృత్తి పాఠశాల జిల్లాలు కలవు. పిల్లవాడు సగము దినము తన ఊరి బడిలో చదివి, మిగిలిన సగము దినము బస్సులో కేంద్రమునకు పోయి వెల్డింగో, వాహనముల మరమ్మతో, రోగుల పరిచర్యయో నేర్చుకొనును. బడి మారదు, స్నేహితులు మారరు, చదువు ఆగదు.

రెండవది, వృత్తిని చదువుతో జోడించుట. 1969లో ఫిలడెల్ఫియా నగరమున ఒక ఉన్నత పాఠశాలలో విద్యుత్ రంగము కేంద్రముగా ఒక చిన్న విభాగమును ఆరంభించిరి. అందు గణితము, భాష, విజ్ఞానశాస్త్రములతో పాటు వృత్తియు, యజమానుల వద్ద అనుభవమును ఉండును. ఇట్టివి తరువాత దేశమంతట వ్యాపించినవి. తొమ్మిది పాఠశాలలలో ప్రవేశము కోరినవారిని చీటీలు వేసి రెండు వర్గములుగా విభజించి, అనేక సంవత్సరములు పరిశీలించి, 2008లో ఫలితములను ప్రకటించిరి. పాఠశాల విడిచిన ఎనిమిది సంవత్సరములలో ఆ విభాగములలో సీటు పొందినవారి సంపాదన, పొందనివారి సంపాదన కంటె సగటున నూటికి 11 వంతులు అధికముగా నుండెను. ఈ లాభము ముఖ్యముగా యువకులకు కలిగినది. కళాశాల చదువు పూర్తిచేయుటలో రెండు వర్గములకును చెప్పుకోదగిన భేదము లేదు. అనగా పని నేర్చినందువలన పై చదువు చెడిపోలేదు.

మూడవది, సీటు ఎవరికి అను ప్రశ్న. మసాచుసెట్స్ రాష్ట్రమున వృత్తి పాఠశాలలకు కాలక్రమమున గొప్ప ఆదరణ వచ్చెను. సీట్లకంటె దరఖాస్తులు ఎక్కువయినవి. అప్పుడు మార్కులు, హాజరు, ప్రవర్తన, ఉపాధ్యాయుల సిఫారసు చూచి ఎన్నుకొనుట మొదలయ్యెను. దాని ఫలితముగా పేదలు, వికలాంగులు, ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలు వెనుకబడిరని ఆక్షేపణలు వచ్చెను. ఎన్నో ఏండ్ల చర్చ తరువాత 2025లో రాష్ట్ర విద్యామండలి, దరఖాస్తులు సీట్లకు మించినచోట లాటరీ ద్వారానే ప్రవేశమీయవలెనని నిర్ణయించెను. ఒకప్పుడు త్రోసివేయబడినవారిని పంపిన చోటు నేడు మంచిదైనది. మంచిదైన వెంటనే బలవంతులు దానిని ఆక్రమింప నారంభించిరి. ఇది మనము కూడ గుర్తుంచుకొనవలసిన హెచ్చరిక.

5. మన పిల్లలకు నేడు తెరచియున్న తలుపులు

ఇక మన ఊరికి వత్తము. మఠమునకు వచ్చిన ఆ తండ్రికి చెప్పదగిన విషయములు అనేకములు కలవు. అతనికి అవి తెలియవు. చెప్పువారు లేనందున తెలియవు.

2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రము ప్రకటింపబడినది. దాని ప్రకారము ప్రభుత్వ పాఠశాలలలో తొమ్మిదవ తరగతి నుండి వృత్తి విషయములను ఎన్నుకొను పథకము నడచుచున్నది. 2018 నుండి అది సమగ్ర శిక్షలో భాగము. 2020 విధానము ఆరవ తరగతి నుండియే పిల్లలకు చేతిపనుల పరిచయము కావలెననియు, సంచి లేని పది దినములు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల వద్ద గడుపవలెననియు చెప్పుచున్నది. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము వృత్తి విద్యను మూడు విధములుగా విభజించినది: జీవరాశులతో పని, యంత్రములు మరియు పదార్థములతో పని, మానవ సేవలలో పని. పొలము, కర్మాగారము, ఆసుపత్రి మూడును ఇందులో ఇమిడియున్నవి.

పదవ తరగతి తరువాత మన తెలుగు రాష్ట్రములలో మూడు మార్గములు ముఖ్యమైనవి. ఒకటి ఐ.టి.ఐ. రెండవది ప్రవేశ పరీక్ష ద్వారా చేరు మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. మూడవది ఇంటర్మీడియట్ బోర్డు నడుపు రెండేండ్ల వృత్తి కోర్సులు. ఈ మూడవ మార్గము మనలో పలువురికి తెలియదు. విద్యుత్ పరికరములు, మోటారు వాహనములు, ప్రయోగశాల పరీక్షలు, ఆరోగ్య సేవ, పంటల ఉత్పత్తి, లెక్కలు మరియు పన్నుల వ్యవహారము, దుస్తుల తయారీ మొదలైన కోర్సులు అందులో కలవు.

ఇచట ఆ తండ్రి భయమునకు సమాధానము కలదు. వృత్తి కోర్సులో చేరినంత మాత్రమున పై చదువు తలుపు మూతపడదు. ఇంటర్మీడియట్ వృత్తి విద్యార్థి బ్రిడ్జి కోర్సు అను అదనపు పరీక్షలు వ్రాసి, ఉన్నత విద్యా ప్రవేశములకు అర్హత పొందవచ్చును. డిప్లొమా పూర్తిచేసినవాడు ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. ఐ.టి.ఐ. నుండి పాలిటెక్నిక్‌కు పోవు మార్గము సయితము కలదు. నియమములు రాష్ట్రమును బట్టి మారును గనుక చేరుటకు ముందే విచారింపవలెను. 1961 నాటి అప్రెంటిసు శాసనమును 1986లో సవరించి, ఇంటర్మీడియట్ స్థాయి వృత్తి విద్యార్థులకు కూడ కర్మాగారములలో భృతితో శిక్షణ పొందు హక్కును కల్పించిరి.

ఇన్ని తలుపులున్నను కంఠస్వరము తగ్గుట ఎందుకు? తలుపు ఉండుట వేరు, అది కంటికి కనబడుట వేరు, దానిని చేరుటకు దారి ఉండుట వేరు.

6. దారిలోని అడ్డంకులు

మొదటి అడ్డంకి దూరము. గ్రామములోని ఉన్నత పాఠశాలలో ఒకటి రెండు వృత్తి విషయములకు మించి ఉండవు. ఊరిలో ఏది ఉన్నదో దానినే పిల్లవాడు "ఎన్నుకొనును". ఎన్నుకొనుటకు ఒక్కటియే ఉన్నప్పుడు దానిని ఎన్నిక అనరాదు. 2020 విధానము ఒక పాఠశాలలో పనిముట్ల శాలను ఏర్పరచి చుట్టుప్రక్కల బడులు వాడుకొనవచ్చునని చెప్పినది. అమెరికాలోని ఉమ్మడి కేంద్రముల ఆలోచనయే ఇది. అయితే అచట బస్సు కలదు. బస్సు లేని ఉమ్మడి కేంద్రము ఆ ఊరి పిల్లలకే పరిమితమగును. ముఖ్యముగా ఆడపిల్లలు మొదట ఆగిపోవుదురు.

రెండవ అడ్డంకి నేర్పువారి స్థితి. పలుచోట్ల వృత్తి శిక్షకులు ఒప్పందముపై పనిచేయువారు. మరుసటి సంవత్సరము తాముందుమో లేదో తెలియనివారు శిష్యుని భవిష్యత్తును ఎట్లు తీర్చగలరు? ఉపాధ్యాయుల గదిలో వారికి కుర్చీ ఏ మూలన వేయుదురో చూచినచో, ఆ బడిలో చేతిపనికి ఎంత గౌరవము కలదో తెలియును.

మూడవ అడ్డంకి ఆడపిల్లల విషయమున మన స్వంత అలవాటు. బాలిక అనగానే కుట్టు, అలంకారము అని వ్రాసివేయుదుము. విద్యుత్ పనియో, యంత్రముల పనియో నేర్చుకొందునన్నచో "ఆడపిల్లకు అదెందుకమ్మా?" అందుము. అత్యవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మని భర్తకు కాయక ధర్మమును బోధించిన లక్కమ్మను పూజించుచు, మన కుమార్తె చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చుటకు సంకోచించుట న్యాయమా?

నాల్గవ అడ్డంకి మన మనస్సు. మార్కులు వచ్చినవానికి చదువు, రానివానికి పని అను లెక్క మనమే వ్రాసితిమి. మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు వృత్తి కోర్సు కోరినచో "నీకేమి కర్మ నాయనా?" అని మనమే వారింతుము. ఇట్లు తెలివిగలవారిని ఆపి, తక్కినవారిని త్రోసి, ఆ పిమ్మట "వృత్తి విద్యలో నాణ్యము లేదు" అని వాపోవుదుము.

7. కుటుంబములును, మఠములును చేయదగినవి

విద్యాసేవలో మన మఠముల చరిత్ర గొప్పది. తుమకూరు సిద్ధగంగ మఠము వేలాది పేద పిల్లలకు కులమత భేదము లేక అన్నము, వసతి, విద్య ఇచ్చుచున్నది. సుత్తూరు మఠము పక్షమున మైసూరులో నడచు జె.ఎస్.ఎస్. విద్యాపీఠము వికలాంగుల కొరకు ప్రత్యేకముగా ఒక పాలిటెక్నిక్‌ను నడుపుచున్నది. ఎవరికి తలుపు అన్నిటికంటె దూరముగా నున్నదో వారి వద్దకే తలుపును తీసికొనిపోవుట అన్న దీనినే. పెద్ద సంస్థలు చేసినది చిన్న మఠములు చేయలేకపోవచ్చును. కాని ఈ క్రింది పనులకు గొప్ప ధనము అవసరము లేదు.

విద్యార్థి నిలయమున కొన్ని స్థానములను ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, వృత్తి కోర్సుల పిల్లలకు కేటాయింపవచ్చును. దూరమను అడ్డంకికి ఇది సూటియైన మందు. ఆడపిల్లల నిలయములలో దీనిని మొదట చేయవలెను.

సంచి లేని పది దినములకు ఊరిలోని వడ్రంగిని, కమ్మరిని, నేతపనివానిని, పంపుసెట్టు బాగుచేయువానిని, నర్సును పిలిపించి, గురుస్థానమున కూర్చుండబెట్టి పాఠము చెప్పించుటకు పాఠశాలకు సహకరింపవచ్చును. అట్లు చేయునప్పుడు ఒక నియమము పాటింపవలెను. ఏ పిల్లవానిని అతని ఇంటి వృత్తికే పంపరాదు. కుమ్మరి కొడుకు కంప్యూటరు వద్దకు, వ్యాపారి కొడుకు కుమ్మరి సారె వద్దకు పోవలెను.

విద్యాహక్కు చట్టము, 2009 ప్రకారము ఏర్పడిన పాఠశాల నిర్వహణ సంఘములలో తల్లిదండ్రులే అధిక సంఖ్యాకులు. ఉన్నత పాఠశాలలకు కూడ అట్టి సంఘములు కలవు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో వృత్తి శాలను, శిక్షకుని, బస్సును చేర్పింపుమని అడుగు హక్కు వారికి కలదు. అడుగనివానికి అందుట అరుదు.

పిల్లను చేర్పించుటకు ముందు తల్లిదండ్రులు ఈ ఐదు విషయములు విచారింపవలెను. ఈ కోర్సు తరువాత పై చదువుకు పోవు దారి ఏది? పనిముట్లు బీరువాలో నున్నవా, పిల్లల చేతిలో నున్నవా? శిక్షకుడు ఆ పని స్వయముగా చేసినవాడేనా? నిజమైన పనిచోట ఎన్ని దినముల శిక్షణ ఉండును? గత సంవత్సరము ఆ కోర్సు ముగించినవారు నేడు ఎచట నున్నారు? ఈ చివరి ప్రశ్నకు సంస్థవారు తడుముకొన్నచో మరియొకచోట విచారించుట మేలు.

8. ముగింపు

మఠము అరుగుపై నిలుచున్న ఆ తండ్రి వద్దకు మరల వత్తము. అతనికి స్వామివారు చెప్పదగిన మాట ఇదియని మా మనవి: "నాయనా, వాక్యమును మార్చుకొనుము. మార్కులు తక్కువ వచ్చినందున ఐ.టి.ఐ. అనవద్దు. ముందు పిల్లవానిని అడుగుము, వానికి ఏ పని చేయుచున్నప్పుడు ఆకలి గుర్తుకు రాదో. ఆ పిమ్మట ఆ పనిని నేర్చుటకు ఏ తలుపు సరియైనదో, ఆ తలుపు ముందుకు తెరచుకొనునో లేదో మనమిద్దరము కలిసి విచారింతము." ఈ మాటలు విన్న పిల్లవాడు తల యెత్తును. అంతవరకు జరిగినచో మిగిలిన పని వాడే చేసికొనగలడు.

మననమునకు, చర్చకు

ఈ పాఠమును ఇంట పెద్దలు చదివి వినిపించిన పిమ్మట క్రింది ప్రశ్నలను పిల్లలతో కలిసి చర్చింప ప్రార్థన.

1. కాయకమునకును, కులవృత్తికిని గల మూడు భేదములేవి?

2. 1953 నాటి మద్రాసు ప్రణాళికను సరిదిద్దు అధికారము మీకే యున్నచో ఏ నియమములు మార్చియుందురు?

3. మీ ఊరి ఉన్నత పాఠశాలలో ఏ వృత్తి విషయములు కలవు? లేనివి ఎంత దూరమున కలవు? అచటికి ఆడపిల్ల ఒంటరిగా పోయి రాగలదా?

4. మీ ఇంటిలో గత పదేండ్లలో చేతిపని నేర్చినవారెవరు? వారిని గూర్చి మాటలాడునప్పుడు మీ కంఠస్వరము తగ్గినదా?